పోటీ పాట

మా ఇంట్లో మూడు తరాలుగా అందరూ బడిపంతుళ్ళే. తాతగారు, నాన్నగారు గుడివాడలో పాఠాలు చెప్పారు. నేను బందరులో తెలుగు చెబుతున్నాను. మాటని తూచి వాడటం మా రక్తంలోనే ఉందని నాన్నగారు నమ్మేవారు, నేనూ నమ్మాను. ఇంటికొచ్చిన శుభలేఖల్లో తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపే అలవాటు కూడా నాకుంది. దానివల్ల ఇప్పటికి రెండు కుటుంబాలతో మాటల్లేవు.

మా స్కూలుకి గిలకలదిండి నుంచి చాలామంది పిల్లలు వస్తారు. వాళ్ళలో తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్ల, పద్యం అప్పజెప్పమంటే లేచి నిలబడి పాడింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని చివరిదాకా చెవులు రిక్కించి విన్నాను. దొరకలేదు. ఆ రోజంతా నాకు చిరాగ్గానే ఉంది. సంతోషం కలిగినప్పుడు ముందు చిరాకు రావడం నా తత్వం.

కొన్నాళ్ళకి గుడివాడలో స్కూలు పిల్లలకి పాటల పోటీ పెట్టారు. ఆ పిల్లని తీసుకెళ్దామనుకున్నాను. ఇంట్లోవాళ్ళ అనుమతి కావాలి కాబట్టి ఒక చీటీ రాసి ఆ పిల్ల చేతికే ఇచ్చాను. "శనివారం ఉదయం గుడివాడలో పోటీ పాట ఉన్నది. మీ అమ్మాయి గొంతు పాటకు బాగా పనికివస్తుంది. తప్పక పంపగలరు." మూడే వాక్యాలు, ఒక్క అక్షరదోషం లేదు.

మర్నాడు పిల్ల బడికి రాలేదు. ఆ తరవాతి రోజూ రాలేదు. మూడో రోజు వాళ్ళమ్మ పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ రేవులో చేపలు కొని ఊళ్ళో తిరిగి అమ్ముతుంది. ఖాళీ గంప స్టాఫ్ రూమ్ గుమ్మం బయట పెట్టి, పిల్లని వరండాలో నిలబెట్టి, లోపలికొచ్చి టీసీ ఇమ్మంది. నాగాయలంకలో చెల్లెలుందట, పిల్లని ఆవిడ దగ్గర ఉంచి అక్కడి బడిలో వేస్తుందట. ఎందుకమ్మా అని అడిగాను. నా చీటీ తీసి బల్ల మీద పెట్టింది.

"పాటకి దూరంగా ఉంటదని బడికి పంపిస్తుంటే, మీరే పాటకి పంపమని రాశారేంటండీ?"

ఆవిడకి సంగీతమంటే గిట్టదు కాబోలనుకుని ఉపన్యాసం మొదలుపెట్టాను. పాట పాడటం చిన్నతనం కాదనీ, మా ఇంట్లో ఆడవాళ్ళందరూ పాడతారనీ, మా అక్కయ్యయితే ఏడో ఏటి నుంచే పాడుతోందనీ, ఇప్పటికీ పండగ రోజుల్లో గుడిలో మైకు పట్టుకుంటుందనీ చెప్పాను. ఆవిడ మొహంలో కోపం పోయి జాలి వచ్చింది.

"అయ్యో. మీకేం కష్టం వచ్చిందండీ?" అని అడిగింది.

అప్పుడు వెలిగింది నాకు. రేవులో బోట్లు రాగానే చేపలు కుప్పలు పోస్తారు. ఎవరు ఎక్కువ పాడితే కుప్ప వాళ్ళది. ఆవిడకి పాటంటే ఆ వేలంపాటే. నాకు తెలియని సంగతేం కాదు. మా ఆవిడ చీటీ పాడుతుంది. మా బావగారు ఘంటసాలలో దేవుడి మాన్యం పాటలో పాడుకుని వరి వేస్తారు. చిన్నప్పుడు ఇంటికి ఆలస్యంగా వచ్చి సాకు చెబితే, మళ్ళీ అదే పాటా అని నాన్నగారు చెవి మెలిపెట్టేవారు. ఇన్ని పాటలు తెలిసిన నేను పాటల పోటీ అని రాయకుండా, గొప్పగా ఉంటుందని పోటీ పాట అని రాశాను.

ఈవిడ అయిదో తరగతిలో ఉండగా తన తల్లికి జబ్బు చేస్తే, బడి మానిపించి పాటలో నిలబెట్టారట. అరిచి అరిచి గొంతు అప్పుడే బొంగురుపోయిందని చెప్పింది. ఇప్పుడు మనవరాలిని కూడా దింపమని అత్తగారి పోరు. పిల్ల నోరు మెదపలేదట; పక్కింటివాళ్ళు నా చీటీ చదివి వినిపిస్తే అత్తగారు పొంగిపోయిందట, మాస్టారే చెబుతున్నారు కదా అని. ఇక అటు ఇల్లు, ఇటు బడి ఒకటైపోయాయని ఈవిడ టీసీకి వచ్చింది.

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఉద్యోగంలో చేరాక ఆ మాట అనడం అదే మొదలు. ఇది మామూలు పాటమ్మా, రాగం తీసి పాడేది అని వివరించాను. ఆవిడ నమ్మలేదు.

"దానికి పాటొచ్చా?" అంది.

పిల్లని లోపలికి పిలిచి, ఈ ముక్క ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగాను. నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆనాటి పద్యమే పాడమన్నాను. మొదటి పాదం మాకెవరికీ వినపడలేదు. రెండో పాదంలో గొంతు తెరిచింది. పేపర్లు దిద్దుకుంటున్న లెక్కల మాస్టారు పెన్ను పక్కన పెట్టారు. వాళ్ళమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ వింది. అయిపోయాక కొంగు వదిలేసి నా వైపు తిరిగింది.

"ఇంట్లో గొంతెత్తద్దని నేనే చెప్పానండి. రేవులో అరుపులు విని విని వస్తాను కదా, ఇంటికాడన్నా సద్దు లేకుండా ఉండాలని. ఇది నోరు తెరవకపోతే, పిల్ల బుద్ధిగా ఉందనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుని, స్టాఫ్ రూములో దుమ్ము దులపడం లేదని అటెండరు మీద విసుక్కున్నాను. ఆవిడ టీసీ మాట మళ్ళీ ఎత్తలేదు.

శనివారం ఆవిడ రేవుకి వెళ్ళడం మానేసి మాతోపాటు గుడివాడ బస్సెక్కింది. పిల్లకి బహుమతి రాలేదు. నిర్ణేతలతో నేను అరగంట మాట్లాడాను. దానివల్ల కూడా బహుమతి రాలేదు.

తిరుగు బస్సులో తల్లీ కూతుళ్ళు నా ముందు సీట్లో కూర్చున్నారు. ఊరు దాటాక, ఇందాకటి పాట మళ్ళీ పాడమని తల్లి అడిగింది. పిల్ల అటూ ఇటూ చూసి గొంతులోనే మొదలుపెట్టింది.

"వినపడట్లేదే" అంది తల్లి.

"అందరూ ఉన్నారమ్మా."

"ఉండనీ. గట్టిగా పాడు."