నల్లరంగు మీద మా మామ చెయ్యి

ఒంగోలు ఆసుపత్రి నుంచి నా భర్త ఫోన్ చేసే వేళకు నేను షెడ్డులో ఒక నల్ల కారు డోరుకు పాలిష్ పడుతున్నాను. "నాయన పోయినాడు" అన్నాడు. మిషన్ ఆపాను. డోరు మీద పాలిష్ మందు తెల్లగా పరుచుకుని ఉంది. అది ఎండితే నలుపు మీద మరకలు కడుతుంది. మెత్తటి గుడ్డ తీసుకుని చివరిదాకా తుడిచి, అప్పుడు షెడ్డు తలుపు మూశాను. పని సగంలో వదిలి వస్తే ముందుగా కోప్పడేది ఆయనే.

ఆయన నా భర్తకు తండ్రి, నాకు మామ. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో చిన్ననాటి నుంచి పని చేశారు. ఆ రాతిదుమ్ము ఛాతీలో పేరుకుపోయింది. ఇక దుమ్ములోకి వెళ్ళొద్దని డాక్టరు చెప్పాక, ఇంటి పక్క ఖాళీ జాగాలో రేకులు వేసి కార్లు కడగడం మొదలుపెట్టారు. పాలిష్ పని ఒంగోలులో ఎవరి దగ్గరో కొన్నాళ్ళు ఉండి నేర్చుకొచ్చారు. పని అయితే వచ్చింది కానీ మిషన్ పట్టుకుని వంగితే ఊపిరి అందేది కాదు. నా భర్త లారీ మీద వెళితే ఎప్పుడొస్తాడో తెలియదు. ఒకరోజు మామ మిషన్ నా చేతికిచ్చి, "నువ్వు పట్టుకో అమ్మాయ్, నేను చెప్తా" అన్నారు. నేను పుల్లలచెరువు పక్క గొర్రెలు మేపుకునే ఇంటి పిల్లను. అంతవరకూ కారు తలుపు కూడా గట్టిగా వేయాలంటే భయపడేదాన్ని.

నలుగురూ నాలుగు మాటలన్నారు. గిద్దలూరు నుంచి వచ్చిన ఒక దుకాణదారు నా చేతిలో మిషన్ చూసి ఆగిపోయాడు.

"ఏంది పెద్దాయనా, ఆడమనిషితో పాలిష్ పట్టిస్తావా నా బండికి?"

"ఈ ఊళ్ళో పలకలు నునుపు చేసిందెవరనుకున్నావ్? సగం మంది ఆడోళ్ళే. నువ్వు అఆలు దిద్దింది వాళ్ళు రుద్దిన పలక మీదే" అన్నారు మామ, బకెట్‌లో నీళ్ళు నింపుతూనే. ఆయన గొంతు పెంచలేదు. ఆ మనిషి తాళాలు ఇచ్చి కూర్చున్నాడు.

నలుపు ఆయనకు ఇష్టమైన రంగు. "తెల్లబండి దాచిపెడతాది, నల్లబండికి దాచడం రాదు" అనేవారు. బండిని ఎండలోకి నెట్టి నన్ను పిలిచి చూపించేవారు. దూరానికి మెరిసే బానెట్, దగ్గరికి వెళితే నిండా సాలెగూడులాంటి సన్నటి గుండ్రటి గీతలు. దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి తుడవడం వల్ల పడేవే అన్నీ. అందుకే ముందు నీళ్ళతో దుమ్మంతా పోగొట్టందే బండిని ముట్టుకోనిచ్చేవారు కాదు. గుండీలు తగిలి గీతలు పడతాయని ఆయన చొక్కాలన్నిటికీ మా అత్త గుండీలు తీసి నాడాలు కుట్టింది. పెళ్ళిళ్ళకు కూడా అవే చొక్కాలు వేసుకుని వెళ్ళేవారు.

ఒకసారి ఒక గీత ఎంతకీ పోవడం లేదని నేను మిషన్ అక్కడే ఒత్తిపెట్టి తిప్పుతుంటే ఆపమని చెయ్యెత్తారు. "గీతను ఎవరూ తియ్యలేరు అమ్మాయ్. చుట్టూ ఉన్న పైపొరను దాని లోతుకు అరగదీస్తాం, అంతే. లోతు గీతలుంటాయి చూడు, వాటి జోలికి పోకూడదు. పోతే రంగే పోతాది."

ఆ మాట నాకు బండ్ల దగ్గరే కాదు, చాలాచోట్ల పనికొచ్చింది.

గిద్దలూరు నుంచే ఒక అబ్బాయి, భర్త పోయిన వాళ్ళమ్మ కలిసి నల్ల కారులో వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. కారు తండ్రిది. సాయంత్రం కొనేవాళ్ళు వస్తారు, కొత్తదాని మాదిరి చేయమన్నాడు అబ్బాయి. మామ బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఆమె వైపు చూశారు.

"అమ్మా, అయ్యగారు రోజూ పొడిగుడ్డతో తుడిచేవారా?"

"పొద్దున లేస్తే మొదటి పని అదే నాయనా. వద్దని ఎంత చెప్పినా వినేవాడు కాదు. నీకెట్ల తెలిసె?"

"ఈ గీతలన్నీ ఆయన చెయ్యి తిరిగినవే. తియ్యమంటే తీస్తా. వద్దంటే కడిగి ఇచ్చేస్తా. మీరే చెప్పండి."

ఆమె కారులోంచి కిందికి దిగింది. బానెట్ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.

"తియ్యి నాయనా. కొనేటోళ్ళకు ఇవి ఉట్టి గీతలే కదా. ఈ ముందుభాగం మటుకు చివర్లో చెయ్యి."

మేము పని చేసినంతసేపూ ఆమె కుర్చీలో కూర్చుని చూసింది. అబ్బాయి భోజనానికి పిలిచినా వెళ్ళలేదు. ఆమె చెప్పినట్టే బానెట్ చివరన చేశాం. ఆఖరు తుడుపుకు మామ కొత్త గుడ్డ ఒకటి తీసి ఆమె చేతికిచ్చారు. ఆమె మెల్లగా గుండ్రంగా తుడవసాగింది. నిలువుగా తుడవాలని చెప్పబోయాను. మామ కళ్ళతోనే వద్దన్నారు.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "గుండ్రంగా తుడిస్తే మళ్ళీ పడతాయి కదా మామా?"

"ఆ గుడ్డ మెత్తంది, పడవులే. పడితే మాత్రమేంది, ఆమెవి ఒకట్రెండు ఉండనీ" అన్నారు. ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

పోయినేడు నుంచి షెడ్డుకు రాలేకపోయారు. ఆక్సిజన్ పెట్టుకుని మంచం మీద నుంచే నా మిషన్ చప్పుడు వినేవారు. చప్పుడు బరువెక్కితే గోడ మీద తట్టేవారు. నేను చెయ్యి తేలిక చేసేదాన్ని. ఈ ఊళ్ళో నన్నిప్పుడు ఫలానావాళ్ళ కోడలని అనరు, పాలిషమ్మ అంటారు. ఆ పేరు నాకు ఆయన పెట్టిన భిక్ష.

ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి కొద్దిరోజుల ముందు, చలి గట్టిగా ఉన్న ఒక పొద్దున, బండి చూస్తానని పట్టుబట్టారు. నేనూ అత్తా చెరోవైపు పట్టుకుని షెడ్డులోకి నడిపించాం. ముందురోజు పూర్తిచేసిన నల్ల కారు ఉంది. డోరు దగ్గర కుర్చీ వేశాం. ఆయన ముందుకు వంగి ఆ డోరులో తన ముఖం చూసుకున్నారు. వేళ్ళతో జుట్టు సవరించుకున్నారు.

"ఎవరీ ముసలోడు" అన్నారు.

అత్త నవ్వి, పమిట మూతికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఊపిరి తగిలి డోరు మీద అరచేతి మేర ఆవిరి పట్టింది. నేను గుడ్డ తీశాను.

"ఉండనీ అమ్మాయ్. అదే పోతాది."

ముగ్గురం చూస్తూ ఉండిపోయాం. ఆవిరి అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వచ్చి, గోరంత అయి, అదీ పోయింది. డోరంతా నల్లగా, నున్నగా ఉంది.