మూడో నంబరు బిళ్ళ

ఆ ఆదివారం ఉదయం అయిదు గంటల పది నిమిషాలకు మా మరదలు ఫోన్ చేసింది. "వదినా, మీ తమ్ముడు లేస్తలేడు" అంది. చెప్పులు కూడా వేసుకోకుండా రెండు గల్లీలు దాటి వెళ్ళాను. కుడిచెయ్యి తలకింద పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చిన్నప్పుడూ అట్లాగే పడుకునేవాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. డాక్టరు వచ్చి, నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పాడు. నా తమ్ముడికి అరవై ఆరేళ్ళు. నాకంటే అయిదేళ్ళు చిన్న.

అతను మొదట కొన్నేళ్ళు బొగ్గుగనిలోకి దిగి పనిచేశాడు. తర్వాత వర్క్‌షాపుకు మారి ఫిట్టరుగా రిటైరయ్యాడు. నేను హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరయ్యాను. పదో తరగతిలో అతను తప్పింది లెక్కల్లోనే. ఆ వేసవంతా రోజూ రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పాను. తప్పు చేసిన ప్రతి లెక్కకూ స్కేలుతో ఒక దెబ్బ. మళ్ళీ తప్పాడు. "నీకు జన్మలో లెక్క రాదు" అన్నాను.

ఆ మాటను అతను మనసులో పెట్టుకోలేదు. వర్క్‌షాపు స్నేహితులు ఇంటికొస్తే నన్ను చూపించి, "గీమెనే మా అక్క. గీమె కొట్టిన దెబ్బలకే నా ఏళ్ళకు తెలివచ్చింది" అని నవ్వేవాడు. వేళ్ళ సంగతి నిజమే. కళ్ళు మూసుకుని, నట్టును బొటనవేలితో ఒక్కసారి తడిమి, ఏ సైజు పానా పడుతుందో చెప్పేవాడు. నేను కొలిచి చూసేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు దొరకలేదు. దొరకలేదన్న మాట మాత్రం అతనితో ఎప్పుడూ అనలేదు.

పోయిన ఏడాది నా మనవరాలు పాత లారీ కొంటానంది. నా కొడుకు కూతురు; అప్పటికి పదిహేడేళ్ళు, పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతోంది. నస్పూర్ దగ్గర పాత ఇనుము కొట్టు వెనకాల ఏళ్ళుగా ఎండకు ఎండి వానకు తడుస్తున్న చిన్న లారీ అది. ఒకప్పుడు కూరగాయలు మోసిందట. బాగుచేసి, చదువయ్యాక కిరాయికి తిప్పుకుంటానంది. తన పేరిట నేను పోస్టాఫీసులో వేసిన డబ్బు ఇమ్మంది. నేను ససేమిరా అన్నాను.

"ఆ డబ్బు నీ చదువుకు. ఆడపిల్లకు లారీ ఏంది?"

"గిది గూడ చదువే బాపమ్మా. కాలేజీల రెండేండ్ల సంది ఇంజన్ బొమ్మలు గీస్తున్న. ఒక్క ఇంజన్ ఇప్పలే."

నా తమ్ముడు అప్పుడు మా వసారాలోనే కూర్చుని సోంపు నములుతున్నాడు. రిటైరైన రోజు బీడీలు మానేసి, ఆ జేబులోనే సోంపు పొట్లం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. నన్ను ఏడిపించాలనుకున్నప్పుడు టీచరమ్మా అని పిలిచేవాడు.

"టీచరమ్మా, నువ్వు నాకు పుస్తకంల చెప్పినవు, రాలే. ఇనుము మీద చెప్తే వచ్చింది. పోరిని గూడ ఇనుము మీద చదువనియ్యి. నేనుంట గద" అన్నాడు.

నా కొడుకు ఓపెన్ కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. "మామ ఉంటనంటే నాకు ఫికర్ లేదమ్మా" అన్నాడు. ముగ్గురూ ఒకవైపయ్యారు. నేను రెండు షరతులు పెట్టాను. కాలేజీ హాజరు తగ్గకూడదు. బండిలోంచి విప్పిన ప్రతి వస్తువూ పుస్తకంలో ఎక్కాలి. కాగితాలు కొడుకు పేరిట రాయించి, గోదావరి వంతెన మీదుగా లారీని ఇంకో బండికి కట్టి లాక్కొచ్చారు. మా ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టారు. ముందు మూత ఎత్తితే లోపల ఉడుత గూడు ఉంది.

మొదటిరోజు నా తమ్ముడు పానా ముట్టలేదు. షెడ్డు గోడకు ఒక పలక బిగించి, దానికి నాలుగు మేకులు కొట్టాడు. పైన తాళంచెవికి ఇంకొక మేకు. ఇత్తడి రేకును గుండ్రంగా కత్తిరించి, నంబర్లు కొట్టి, నాలుగు బిళ్ళలు చేశాడు. ఒకటో నంబరు మనవరాలిది, రెండోది నా కొడుకుది, మూడోది అతనిది. నాలుగోది నా చేతిలో పెట్టాడు.

"నేనెప్పుడు పోతనురా బండి కిందికి?"

"పోవు. కాని, నీ పేరు లేని లెక్క నువ్వు ఒప్పుకోవు గదక్కా."

తర్వాత మనవరాలిని నిలబెట్టి చెప్పాడు. గనిని మావైపు బాయి అంటారు. "బాయిల దిగేటోడు బిళ్ళ తగిలిచ్చి దిగుతడు. పైకొచ్చినంక ఎవని బిళ్ళ వాడే తీసుకుంటడు. బండి కిందికి పోయినా గంతే. పలక మీద ఒక్క బిళ్ళ ఉన్నా తాళంచెవి ముట్టొద్దు, జాకీ ముట్టొద్దు."

"మర్సిపోయి ఇంటికి పోతే తాతా?"

అతని ముఖంలో నవ్వు తగ్గింది. "ఒకసారి గట్లనే అయింది. షిఫ్టు దిగినంక ఒక బిళ్ళ మిగిలింది. అందరం మళ్ళ లోపలికి దిగినం. మూడు గంటలు దేవులాడినం. ఆఖర్కి ఇంటికి పోయి సూస్తే, మంచంల గుర్రు పెడుతున్నడు."

"మస్తు తిట్టిన్రా?"

"తిట్టుడు తర్వాత బిడ్డా. ముందుగాల మనిషి ఏడున్నడో సూడాలె. వాన్ని కండ్లార సూసొచ్చినోడే బిళ్ళ తీసిండు."

పదకొండు నెలలు పనిచేశారు. ఆదివారాలు పూర్తిగా, మిగతా రోజుల్లో కాలేజీ అయ్యాక రెండు గంటలు. నేను కుర్చీ వేసుకుని పుస్తకం రాసేదాన్ని: ముందు ఎడమ చక్రం, నట్లు ఆరు, ఒకటి అరిగింది. విప్పిన నట్లూ బోల్టులూ వరుస తప్పకుండా గుడ్ల ట్రేల్లో సర్దేవాళ్ళు. పిల్ల చేతిలోంచి పానాను అతను ఒక్కనాడూ లాక్కోలేదు. అది చెమటలు కక్కుతూ నట్టుతో కుస్తీ పడుతుంటే పక్కనే గొంతుక్కూర్చుని, "గుంజకు. ఒక పూట నూనె పోసి ఇడువు. అది గూడ నా లెక్క ముసల్దే, జర టైం వడ్తది" అనేవాడు.

ఒకసారి లెక్కలో ఒక వాషరు తగ్గింది. అది దొరికితే తప్ప పేజీ ముయ్యనన్నాను. టార్చి పట్టుకుని రెండురోజులు మోకాళ్ళ మీద వెతికారు. చివరికి అతని జేబులోనే సోంపు పొట్లంతో కలిసి దొరికింది. "రాసుకో అక్కా, ఎర్ర సిరాతోని రాసుకో" అని లెంపలు వేసుకున్నాడు. నిజంగానే ఎర్ర సిరాతో రాశాను. అతని తప్పు ఒకటి దొరికినందుకు నాకు ఎంత సంతోషమైందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆ తర్వాత ఇంకొకటి దొరక్కపోతుందా అని కాచుకుని ఉన్నాను.

చలికాలం వెళ్ళేసరికి ఇంజను మొదటిసారి పలికింది. షెడ్డంతా నల్లపొగ. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అతను మాత్రం కదలకుండా, పిల్లలకు జ్వరం చూసినట్టు మూత మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "నాలుగు సిలిండర్లల్ల ఒకటి దగ్గుతున్నది" అన్నాడు. దాని దగ్గు తగ్గించడానికి పదిరోజులు పట్టింది. తగ్గినరోజు నా దగ్గరకొచ్చాడు.

"అక్కా, బండి రోడ్డెక్కిన్నాడు ముందు సీట్ల నువ్వే కూసోవాలె."

"ముందు బ్రేకులు పడనీ. తర్వాత చూద్దాం."

"బ్రేకులు నేనే బిగిస్త. మా అక్క కూసునే బండాయె."

అతను పోవడానికి ముందురోజు, ఆ శనివారం, చేసిన పని అదే. మధ్యాహ్నమంతా బండి కింద పడుకుని బ్రేకుల గొట్టాలు బిగించాడు. నాలుగింటికి బయటికొచ్చి, "ఆఖరి జాయింటు గూడ అయిపోయిందక్కా. ఎండకో ఏమో, జర నలతగున్నది" అన్నాడు. టీ ఇచ్చాను. సగం తాగి గ్లాసు కింద పెట్టాడు. "పాలు పారబోయడానికి తెస్తున్నామా?" అన్నాను. నవ్వాడు. ఆ సగం కూడా తాగబోయి, తాగలేక మళ్ళీ పెట్టేశాడు. చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయాడు. అతనితో నేనన్న చివరిమాట పాల గురించి.

ఆరున్నరకు షెడ్డు తలుపు వేయబోయి చూస్తే, మూడో నంబరు బిళ్ళ మేకుకు వేలాడుతోంది.

పదకొండు నెలల్లో అతను బిళ్ళ మరిచిపోవడం అదొక్కసారే. నాకు నవ్వొచ్చింది. అందరికీ పాఠం చెప్పినవాడు దొరికాడు కదా అనుకున్నాను. లోపలికొచ్చి, ఎర్ర సిరా కలం తీసి రాశాను: "మూడో నంబరు బిళ్ళ తీయలేదు. రేపు అడగాలి." కింద గీత గీసి పేజీ మూశాను.

అతని ఇల్లు రెండు గల్లీల అవతల. నడిస్తే నాలుగు నిమిషాలు. వెళ్ళి ఉంటే దవాఖానకు తీసుకుపోయేదాన్నా, తీసుకుపోతే బతికేవాడా అని డాక్టరును అడిగాను. "చెప్పలేమమ్మా" అన్నాడు. ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. ఎన్నడూ మరవని మనిషి మరిచాడంటే అతనికేదో అయిందని నాకు తట్టలేదు. నేను అతని తప్పును చూశాను, అతన్ని చూడలేదు.

చర్చి సమాధి తోటలో మట్టివేసి వచ్చాం. ఇంటి దగ్గర ఓదార్పు ప్రార్థనకని ఆదరణ కూడిక జరిగింది. పాస్టరుగారు అతని మంచితనం గురించి మాట్లాడారు. వర్క్‌షాపు పాతమిత్రులు చాలామంది వచ్చి, షెడ్డులోకి వెళ్ళి, లారీని ఒకసారి చేత్తో తట్టి వెళ్ళారు. బ్రేకుల్లో ఇక మిగిలింది నూనె పోసి గాలి తీయడమే. ఆ పని నా కొడుకు చేశాడు. రెండో నంబరు బిళ్ళ తగిలించి దిగాడు, పైకొచ్చి తీసుకున్నాడు. మూడోది మాత్రం అట్లాగే ఉంది.

మనవరాలు తాళంచెవి ముట్టలేదు. మూడు వారాలు గడిచాయి. పద్దెనిమిది నిండి, లర్నర్ లైసెన్సు చేతికొచ్చింది. అయినా ముట్టలేదు. "ఎన్ని రోజులు బిడ్డా గిట్ల?" అని తండ్రి అడిగితే, "తాత బిళ్ళ ఉన్నది" అని లోపలికి వెళ్ళిపోయింది. కాలేజీకి పోతోంది, వస్తోంది. షెడ్డువైపు చూడటం మానేసింది. పదకొండు నెలల పని తుప్పు పడుతుందేమోనని నా కొడుకు భయం. పిల్లే ఏమైపోతుందోనని నా భయం.

ఒక సాయంత్రం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాను. "పొద్దుగాల కాదు నేను పోవాల్సింది. ముందటి రోజు పొద్దుగూకినప్పుడే పోవాలె. బిళ్ళ చూసి కూడా పోలేదు" అన్నాను. ఈ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అది ఆ ఎర్రక్షరాల మీద వేలు పెట్టి చదివింది. తర్వాత, నాకు వినపడీ వినపడనట్టు అంది:

"నేను గూడ సూసిన బాపమ్మా. నీకన్న ముందుగాల్నే సూసిన. రేపు తాతను ఏడిపియ్యొచ్చని ఊకున్న."

దాని తల ఒడిలోకి తీసుకున్నాను. అది ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పిల్లల ముందు ఏడవడం నాకు అలవాటు లేదు. కొంతసేపయ్యాక టీచరు గొంతు తెచ్చుకుని అన్నాను: "చూడు. ఈ పుస్తకం రాసేది ఎవరు?"

"నువ్వు."

"ఇందులో ఎవరి చేతిరాత ఉంది?"

"నీది."

"మరి తప్పు నా లెక్కలోది. నీ పేరు ఇందులో ఎక్కడా లేదు. ఎక్కియ్యను."

మర్నాడు ఉదయం షెడ్డులోకి వెళ్ళాను. కండ్లార సూసొచ్చినోడే బిళ్ళ తీసిండని చెప్పాడు కదా నా తమ్ముడు. నేను ఆలస్యంగానైనా చూశాను. గోడవైపు తిరిగిన ఆ ముఖాన్ని చూశాను. మేకు మీదనుంచి మూడో నంబరు బిళ్ళను తీశాను. దాని వెనకాల పలక మీద దుమ్ము పట్టని గుండ్రటి జాగా మిగిలింది. మనవరాలు తాళంచెవి తీసుకుంది.

దాని లైసెన్సు ఒకసారి చేతిలోకి తీసుకుని చదివాకే బండెక్కాను. అది స్టీరింగు దగ్గర, తలుపు పక్కన నా కొడుకు, మధ్యలో నేను. ముందు సీట్లో. ఇంజను దగ్గకుండా పలికింది. బండి మెల్లగా గేటు దాటింది. మొదటి గల్లీ, రెండో గల్లీ. "ఇక్కడ ఆపు" అన్నాను.

అది బ్రేకు తొక్కింది. బండి కిర్రుమనలేదు, ఊగలేదు, జానెడు కూడా ముందుకు జరగలేదు. నా తమ్ముడి ఇంటి గుమ్మం ముందు నిలబడిపోయింది.

మనవరాలు ఇంజను ఆపలేదు. ఎవరమూ దిగలేదు. సోంపు నములుతూ, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక మనిషి ఆ తలుపులోంచి బయటికి వస్తాడన్నట్టు ముగ్గురం అటే చూస్తూ కూర్చున్నాం. నా గుప్పిట్లో బిళ్ళ వెచ్చబడింది.