ఎర్ర దారం కట్టిన నాలుగో బ్యాగు

మొన్న హైదరాబాదు హాస్టల్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, అటక మీదున్న తన బ్యాగును ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే పంపమంది. కుర్చీ వేసుకొని, దాని మీద పీట వేసుకొని, యాభై దగ్గరపడ్డ టీచరమ్మ చేయకూడని సర్కస్ అంతా చేసి ఆ బ్యాగు లాగితే, దాని వెనకే ఇంకొకటి జారి నా భుజం మీద పడింది. దెబ్బేమీ తగల్లేదు. అది ఖాళీ బ్యాగు, కొన్న నాటి నుంచీ ఖాళీయే. దాని పిడికి కట్టిన ఎర్ర దారం మాత్రం వెలిసిపోయి ఇటుక పొడి రంగుకు వచ్చింది. నేల మీదే కూర్చొని ఆ ముడిని చూస్తూ ఉండిపోయాను. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి, పొయ్యి మీద టీ ఇంకిపోయి గిన్నె మాడుతోందని చెప్పేవాళ్లు కూడా లేకపోయారు.

మాది మొదటి నుంచీ రెండు చోట్ల కాపురం. నాకు తెలకపల్లి బడిలో ఉద్యోగం, పిల్లల చదువు కోసం నాగర్‌కర్నూల్లో అద్దె ఇల్లు. మా ఆయనకు గద్వాల దగ్గర చేను, అందులో విత్తనం పత్తి. మామూలు పత్తి వేసినవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకుంటారు గానీ, విత్తనం పత్తి వేసినవాళ్లకు పూత మొదలయ్యాక చంటిపిల్లను సాకినంత పని. సాయంత్రం ఆడ చెట్టు మొగ్గల్లోంచి పుప్పొడి తిత్తులను గోటితో గిల్లి తీసేయాలి. మర్నాడు పొద్దున మగ చెట్టు పువ్వు తెచ్చి ఒక్కొక్క పువ్వుకూ రుద్దాలి. రుద్దినదాని తొడిమకు గుర్తుగా ఎర్ర దారం కట్టాలి. దారం ఉన్న కాయే విత్తనం. రెండు పూటలు ఎవరూ చేలోకి దిగలేదంటే పువ్వులు తమ దారిన తాము పుప్పొడి కలుపుకొని కూర్చుంటాయి, ఆ కాయలు కలిస్తే ఏడాది పంటంతా పనికిరాదంటారు. నేను తిమ్మాజిపేట వైపు పల్లికాయ పండించే ఇంట్లో పుట్టినదాన్ని. ఈ పువ్వుల పెళ్లిళ్ల సంగతి పెళ్లయిన ఇన్నేళ్లకు కూడా నాకు సగమే తెలుసు, ఆ సగం తెలివే తర్వాత నన్ను ముంచింది.

ఆయన ఆదివారం మధ్యాహ్నం వనపర్తిలో బస్సు మారి వచ్చేవాడు, సాయంత్రానికి వెళ్లిపోయేవాడు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఆ మూడు నాలుగు గంటలూ ఆయన మెడ మీదే ఉండేవాళ్లు. అమ్మాయి పదో తరగతికి, అబ్బాయి ఎనిమిదికి వచ్చేసరికి ఇద్దరికీ చెరొక మూల, చెరొక ఫోన్. "మంచిగ సదువుతున్రా?" అని ఆయన అడిగేవాడు. "ఆ" అని వాళ్లనేవాళ్లు. ఆ ఒక్క 'ఆ'తో ఆదివారం అయిపోయేది. ఆయన సోఫా అంచున చుట్టంలా కూర్చొని ఫ్యాను వైపు చూసేవాడు.

ఆ మరుసటి జూన్‌లో అమ్మాయి ఇంటర్మీడియట్‌కు హాస్టల్‌కు పోవాల్సి ఉంది. ఈలోగా నలుగురం ఒకే గదిలో నాలుగు రోజులు ఉండాలని నాకు పట్టుదల పుట్టింది. శ్రీశైలం పోవచ్చుగా అన్నారు బళ్లో తోటివాళ్లు. కానీ బస్సు పోయే ఊరికి పోతే, చేను నుంచి ఒక్క ఫోన్ రాగానే మా ఆయన మొదటి బస్సెక్కి వెనక్కి వస్తాడు. అందుకే మధ్యలో సముద్రం ఉండాలనుకున్నాను. ఎక్కువ రోజులు కాదు, సింగపూరు, నాలుగు రోజులు, దసరా సెలవుల్లో. "పదో తరగతి పిల్లను వెట్టుకొని ఫారిన్ ఏంది టీచరమ్మా" అని కొందరు దెప్పారు. ఆయన మాత్రం ఒక్క మాట అడగకుండా, "పోదాం తియ్" అన్నాడు. పాస్‌పోర్టు కోసం వేలిముద్రలు తీస్తుంటే పువ్వులు గిల్లి గిల్లి అరిగిన ఆయన వేళ్లు మెషిన్‌లో పడలేదు. నాలుగుసార్లు చేతులు తుడుచుకోమన్నారు, నాలుగుసార్లూ నవ్వుతూ తుడుచుకున్నాడు.

అప్పటి నుంచి మా ఆదివారాలు మారిపోయాయి. బడి అట్లాసు ఒకటి తెచ్చి నేల మీద పరిచాను, చుట్టూ నలుగురం. అబ్బాయికి తాడు మీద పోయే డబ్బా ఎక్కాలని ఉంది. అమ్మాయికి సముద్రం చూడాలని ఉంది, మా పాలమూరు పిల్లకు అంతవరకూ అది సినిమాలోనే తెలుసు. ఆయన ఏమీ కోరలేదు, ప్రశ్నలు మాత్రం అడిగాడు. "ఆ ఊర్ల పత్తి పండుతదా?" అన్నాడు మొదటిసారి. అబ్బాయి పడీపడీ నవ్వి, "డాడీ, ఆ దేశం మన జిల్లా అంత గూడ లేదు" అన్నాడు. "మరి బువ్వకు బియ్యం యాడికెళ్లి తెచ్చుకుంటరు? జర సూసిపెట్టుండ్రి, వచ్చే ఐతారం చెప్తురు" అని బస్సుకు పోయాడు. పిల్లలు వారమంతా వెతికారు. మరుసటి ఆదివారం ఆయన చెప్పులు విడవకముందే ఇద్దరూ ఎగబడి చెప్పారు. విని, ఇంకో ప్రశ్న వదిలిపోయాడు. వాళ్లకు తాగే నీళ్లు ఎక్కడివి, అక్కడ వానలు ఎప్పుడు, మన తెలుగోళ్లు ఉన్నారా. ఇలా జూన్ నుంచి నాలుగు నెలలు. పూత మొదలయ్యాక కూడా పొద్దుటి పని ముగించుకొని, సాయంత్రం మొగ్గలు గిల్లే పనిని పక్కచేను చాచాకు అప్పగించి మరీ వచ్చాడు. టికెట్లు తీసేటప్పుడు మాత్రం, "నాది గద్వాలల తెల్సినోడు చేస్తనన్నడు, మీ మూడు తీస్కో" అన్నాడు. నలభైమంది పిల్లల లెక్కల్లో తప్పులు పట్టే నాకు ఇందులో ఏ తప్పూ కనిపించలేదు.

ప్రయాణానికి ముందు ఆదివారం, పత్తి తూచే కొక్కెం కాంటా ఒకటి, చేతిసంచిలో ఎర్ర దారం ఉండ ఒకటి తెచ్చాడు. అక్కడ మన సామాను గుర్తుపట్టాలని నాలుగు బ్యాగుల పిడులకూ తానే దారం కట్టాడు, పువ్వుకు కట్టినట్టు రెండు చుట్లు, ఒక ముడి. ఒక్కొక్క బ్యాగునూ కాంటాకు తగిలించి బరువు చూడసాగాడు. నేను పెట్టిన కడక్ జొన్నరొట్టెల మూటకు అందరూ నన్ను ఆటపట్టించారు. మూడు బ్యాగులు తూచి కాంటా పక్కన పెట్టబోతుంటే, అబ్బాయి నాలుగోది ఎత్తాడు. అది వాడు అనుకున్నదానికంటే చాలా పైకి లేచింది.

"డాడీ, నీ బ్యాగుల ఏం లేదేంది?"

ఆయన కాంటా గొలుసు చేతికి చుట్టుకుంటూ, "బతుకమ్మకు కూలోళ్లు రారు బిడ్డా. దసరా దాక ఒక్కరు చేన్ల దిగరు. పువ్వు ఆగుతదా?" అన్నాడు.

సెలవులంటే నాకు బడి సెలవులే. కూలీలకూ అదే పండుగ అని, పత్తిపువ్వుకు ఏ పండుగా లేదని నాకు తట్టనే లేదు. "చాచా చూస్కోడా?" అన్నాను. "చాచా చేనుకు గూడ కూలోళ్లు వద్దా?" అన్నాడు.

అమ్మాయి ఆయనకు అడ్డంగా వచ్చి నిలబడింది. "ఎప్పటికెళ్లి తెల్సు డాడీ నీకు?"

"మొదట్నించి తెల్సు."

"మరి చెప్పొద్దా?"

"చెప్తె మీరు గిట్ల కూసోని నాతోని ముచ్చట వెడ్తుంటిరా?" అన్నాడు ఆయన. తప్పు ఒప్పుకుంటున్నట్టే అన్నాడు గానీ, ఆ మాట మా ముగ్గురి తప్పునూ మా ముందు పెట్టింది. అమ్మాయి లోపలికి పోయి తలుపేసుకుంది. నేను ప్రయాణం మానేద్దామన్నాను. ఆయన వినలేదు. "మీరు పోయి సూసొచ్చి చెప్పుండ్రి. పది ఐతారాలకు సరిపోను చెప్పుండ్రి" అని నాలుగింటి బస్సుకు వెళ్లిపోయాడు. రాననుకున్నవాడు పాస్‌పోర్టుకు అన్నిసార్లు చేతులు ఎందుకు తుడుచుకున్నాడో నేను ఇప్పటిదాకా అడగలేదు.

సింగపూరు బాగానే ఉంది, చాలా శుభ్రంగా కూడా ఉంది. గదిలో నాలుగు పడకలు. నాలుగోదాని దుప్పటిని రోజూ ఎవరో వచ్చి ముడతలు లేకుండా సర్ది పోయేవాళ్లు, దాని మీద ఎవరూ పడుకోలేదని తెలిసి కూడా. పిల్లలు మళ్లీ ఫోన్లలోకి పోయారు. నేను కిటికీ దగ్గర కూర్చొని, దేశం దాటి వచ్చి మరీ ఒంటరిగా ఉన్నానే అనుకున్నాను. మూడో రోజు సముద్రం దగ్గరికి పోయాం. అంతవరకూ తండ్రితో మాట్లాడని అమ్మాయి, నీళ్లను చూసి చాలాసేపు నిలబడి, నా ఫోన్ లాక్కొని ఆయనకు వీడియో కాల్ చేసింది. ఆయన చేలో ఉన్నాడు. ఫోన్‌ను అంగీ జేబులో నిలబెట్టాడు కాబట్టి మాకు ఆయన కనిపించలేదు, పువ్వులూ రెండు చేతులూ మాత్రమే కనిపించాయి.

"నీళ్లు యాడిదాక ఉన్నయి బిడ్డా?"

"కండ్లకు కనవడ్డంత దూరం డాడీ. నీయి ఎన్ని సాళ్లు అయినయి?"

"మూడు. ఇంగ శానా ఉన్నయి."

మాటలు అయిపోయినా ఇద్దరూ ఫోన్ పెట్టేయలేదు. అమ్మాయి ఇసుకలో కూర్చొని ఆ చేతులు దారం కట్టడం చూస్తూనే ఉంది. అబ్బాయీ వచ్చి అక్క భుజం మీదుగా చూశాడు, నేనూ చూశాను. నలుగురం ఒకచోట ఉండాలన్న నా కోరిక ఆ పొద్దుటి పూట, అరచేతి వెడల్పు చోటులో తీరింది.

ఇప్పుడు అబ్బాయి కూడా హాస్టల్లోనే. నిన్న ఆదివారం ఆయన వచ్చి, గోడ పక్కనున్న ఖాళీ బ్యాగును చూసి, సోఫా అంచున కూర్చున్నాడు. అన్నం తిన్నాక, "ఈసారి యాడికి పోదాం?" అన్నాడు. నాకు అన్నీ తెలుసు. అయినా లేచి పాత అట్లాసు తెచ్చి పరిచాను. "సెలవులు దసరాకే మరి" అన్నాను. "ఆ, దసరాకే పోదాం" అన్నాడు. పోతూ పోతూ శ్రీలంకలో జొన్నలు పండుతాయో లేదో జర సూసిపెట్టమన్నాడు. చూసి పెట్టాను, చెప్పడానికి ఇంకా ఆరు రోజులున్నాయి. నాలుగు రోజుల ప్రయాణం నాలుగు రోజుల్లోనే అయిపోయింది. పోదాం పోదాం అనుకుంటూ నేల మీద కూర్చున్న ఆ నాలుగు నెలలే మా నలుగురికీ దొరికిన కాలమని, అది గడుస్తున్నప్పుడు ఆయనొక్కడికే తెలుసు.