నోరు పడిపోయిన నాన్నకు బాప్తిస్మం

పాపకు జలుబు చేసి ఊపిరి గురగురమంటుంటే, పక్కనే మేలుకుని కూర్చుని ఇది రాస్తున్నాను. పుట్టింటికి భోపాల్‌పట్నం వచ్చాక ఈ ఆదివారం మా పాత చర్చికి వెళ్ళాను. సంఘపెద్ద మైకు పట్టుకుని, మనిషి తనను తాను రక్షించుకోలేడు, అంతా దేవుని కృపే అని గొంతు చించుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట ఆయనకు ఇన్నేళ్ళకు తెలిసిందన్నమాట.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో బాప్తిస్మాలు ఇంద్రావతి ఏటిలోనే జరిగేవి. ఎండాకాలం కాలే ఇసుక దాటి, కాస్త లోతున్న మడుగు వెతుక్కుంటూ పాటలు పాడుకుంటూ వెళ్ళేవాళ్ళం. నీళ్ళలో నిలబెట్టి, నమ్ముతున్నావా అని పెద్దలు అడిగేవారు. నమ్ముతున్నానని సంఘమంతా వినేలా చెబితేనే ముంచేవారు.

మా నాన్న ట్రాక్టరు నడిపేవాడు, ఇప్పసారా తాగేవాడు, చర్చికి వస్తే గుమ్మం బయటే కూర్చునేవాడు. ఎలాగో తాగుడు మాని, ఒక వేసవిలో బాప్తిస్మానికి తానే పేరు ఇచ్చుకున్నాక, పక్షవాతం వచ్చి కుడి పక్కతో పాటు నోరు కూడా పడిపోయింది. ఎడమ చేత్తో ఏటివైపు చూపించేవాడు. అమ్మ పెద్దలను బతిమాలింది.

“నోటితో ఒప్పుకోవాలె అక్కా. సంఘం కాయిదా అంటే కాయిదానే,” అన్నాడు ఈ సంఘపెద్దే.

“నోరే పడిపాయె గద అన్నా, ఏందిది?”

“విశ్వాసముంటే దేవుడే తెరుస్తడు. ఉపాసముండుండ్రి.”

ఉన్నాం. పెద్దలు రోజూ వచ్చి మంచం చుట్టూ కూర్చుని, ఏదీ చెప్పు, నమ్ముతున్నాను అను, అని పిల్లవాడి చేత పాఠం ఒప్పజెప్పించుకున్నట్టు అడిగేవారు. గంజి కూడా సరిగా మింగలేని మనిషి మెడ నరాలు ఉబ్బేలా ప్రయత్నించి, చొంగ కారితే సిగ్గుపడి గోడవైపు తిరిగేవాడు. చివరికి అమ్మ ఓపిక తెగింది.

“మీ ఇండ్లల్ల పిల్ల ‘అమ్మా’ అన్నంకనే పాలిస్తరా అన్నా?”

వాళ్ళతో వచ్చిన పాస్టరయ్యగారు తల దించుకుని బైబిలు అట్ట నిమురుతూ ఉండిపోయారు. ఆయన చాలా మంచివారని ఇప్పటికీ అందరూ అంటారు. ఆ మంచితనం నాకు అర్థం కాలేదు.

వానలు పడకముందే నాన్న పోయాడు. పాపం, అవకాశం పోగొట్టుకున్నాడు అని సమాధి దగ్గర ఈ పెద్దే ప్రార్థన చేస్తే అమ్మ ఆమెన్ అంది. నేను అనలేదు. ఈరోజుకూ అనలేను.

ఇప్పుడు ఏటిదాకా నడిచే పని లేదు. చర్చి వెనకే టైల్సు పరిచిన తొట్టి కట్టారు, ముసలివాళ్ళు పట్టుకుని దిగడానికి స్టీలు కమ్మీ కూడా పెట్టారు. దేవుడు నాన్నను ఎప్పుడో చేర్చుకున్నాడని నాకు అనుమానం లేదు, వినడానికి ఆయనకు మన నోటితో పని లేదు. కృప ఆ వేసవిలోనూ ఉంది. మా ఊళ్ళో కరువైంది, నాన్న మంచానికి తలో కోడు పట్టి ఏటిలోకి మోసే నలుగురు మనుషులే.