పొద్దున వంగని వేళ్లు

నా చిన్నప్పుడు మా గేదెకు సాయంత్రం పాలు తీసేది మా అమ్మే. పొద్దున మాత్రం తీయలేకపోయేది. కొల్లేటి ఒడ్డున మా ఊళ్లో తెల్లారేసరికి పాలు తీయని కోడలంటే బద్ధకస్తురాలనే లెక్క. మా మామ్మ, అంటే నాన్న తల్లి, గుమ్మంలో నిలబడి దెప్పేది. “గేదె అదే, పొదుగు అదే, చేతులూ అవేగా! పొద్దున రాని పని సాయంత్రానికి ఎలా వచ్చిందే?” అమ్మ బిగుసుకుపోయిన వేళ్లను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆ మాటే నేనూ అమ్మతో ఒకటి రెండుసార్లు అన్నాను.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక మామ్మ తేల్చి చెప్పేసింది. ముదినేపల్లిలో మావయ్యకు కబురు పెట్టి, అమ్మను పుట్టింటికి పంపేస్తానంది. నాన్న తల దించుకున్నాడు.

పక్కింటి అక్క మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆ మాట విన్నదేమో, మర్నాడు పొద్దున్నే కట్లు కట్టే గుడ్డ తీసుకుని వచ్చింది. నా పది వేళ్లకూ విడివిడిగా, మందంగా గుడ్డ చుట్టి, పాలు తీయమంది. నాకు పాలు తీయడం బాగానే వచ్చు. ఆ రోజు చన్ను పట్టుకోవడానికే వీలవలేదు. గేదె తన్నింది, తపేలా దొర్లిపోయింది. మామ్మ పకపకా నవ్వింది.

“ఏమే, నీకూ బద్ధకం పట్టుకుందా?”

“కట్లున్నాయి కదా మామ్మా!” అని ఏడ్చాను.

“మీ కోడలికీ ఉన్నాయి మామ్మగారండీ,” అంది అక్క. “కీళ్లలో వాపండి అది. రాత్రంతా కదలకపోతే బిగుసుకుంటాయి. ఎండెక్కేకొద్దీ ఒక్కో కట్టూ వదులవుద్దండి. మనకి కనపడవు, అంతే.”

మామ్మ దొర్లిన తపేలా తీసుకుని తనే గేదె పక్కన కూర్చుంది. మావయ్యకు కబురు వెళ్లలేదు. ఆనాటి నుంచి పొద్దుటి పాలు మామ్మ తీసేది, అమ్మ చేతులకు వేడినీళ్లు కూడా కాచి పెట్టేది. అక్క అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లింది. అప్పటి మందులు నొప్పి తగ్గించాయి గాని, వేళ్లు వంకర పోకుండా ఆపలేకపోయాయి.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక ఉదయం మా కోడలు తడిబట్ట పిండలేక నిలబడిపోయింది. ఒక ఎత్తిపొడుపు నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, “వేళ్లు వదులవడానికి ఎంతసేపు పడుతోందమ్మా?” అని అడిగాను.

“గంట పైనేనండీ అత్తయ్యగారూ,” అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఏలూరు తీసుకెళ్లాం. రక్తపరీక్షలు చేసి, కీళ్లవాతమన్నారు డాక్టరుగారు. తొందరగా వచ్చారు గనుక వేళ్లను కాపాడుకోవచ్చన్నారు. ఆయన రాసిన మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రమాదం. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలతో, క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో నేనే ‘మాత్ర’ అని రాస్తాను. కోడలి వేళ్లు ఇప్పటికీ తిన్నగా ఉన్నాయి.

పని ఆపిన మనిషిని చూస్తే, ఎందుకు చేయలేదని అడగను. ఎక్కడ పట్టేస్తోందని అడుగుతాను. అక్క నా వేళ్లకు కట్లు కట్టిన రోజుదాకా మా అమ్మను అలా అడిగినవాళ్లు మా ఇంట్లో ఒక్కరూ లేరు, నాతో సహా.