ముచ్చికలు తీస్తూ అడిగిన ప్రశ్న

మా ఊరి నర్సమ్మగారు పోయారని మొన్న పొద్దున నేను పత్తి చేలో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. ఆ మాట విన్నాక మనసు కాస్త కుదుటపడింది. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగి సూదులు వేసిన మనిషికి ఆ మాత్రం సుఖం దక్కాలి.

రిటైరయ్యాక కూడా ఆవిడ ఊరికే కూర్చోలేదు. దేశంలో ఏ వయసువాళ్ళు మత్తుమందులకు ఎంత అలవాటు పడుతున్నారో తెలుసుకునే సర్వే మా ఊరికి వస్తే ఆవిడే కాగితాలు పట్టుకుని బయల్దేరారు. మేమందరం కాలేజీ పిల్లలున్న ఇళ్ళు చూపించాం. ఆవిడ వింటేనా! ప్రతి ఇంట్లోనూ అందరికంటే పెద్దవాళ్ళతో మొదలుపెట్టేవారు. గంజాయి అలవాటుందా అని అడిగినందుకు డెబ్బై ఏళ్ళ మా పెదనాన్న మూడు రోజులు అలిగాడు.

“గడి ఖాళీగా ఉందంటే ఆ వయసువాళ్ళు లేరని కాదు నాయనా, మనం అడగలేదని” అనేవారు.

అడిగే పద్ధతీ ఆవిడదే. మిరపకాయల కాలం కావడంతో ఏ వాకిట చూసినా కాయల రాశే. కాగితం సంచిలో పెట్టేసి, రాశి ముందు చతికిలబడి, ఇంటివాళ్ళతో పాటు ముచ్చికలు, అంటే కాయల తొడిమలు, తీస్తూ మాట్లాడేవారు. చేతులు పనిలో ఉంటే మొహాలు చూసుకోనక్కర్లేదు.

నాకప్పుడు నలభై ఆరు. అంతకు వారం ముందే గంజాయి వద్దంటూ ఊళ్ళో ర్యాలీ తీస్తే ముందు వరసలో బ్యానర్ పట్టుకున్న పెద్దమనిషిని నేనే. నా మోటారు షెడ్డులో, ఎరువు బస్తాల వెనక పొట్లం ఉండేది. పురుగు తగిలి మిరప మొత్తం పోయిన ఏడాది మొదలైన అలవాటది.

నర్సమ్మగారు మా ఇంటికి వచ్చిన రోజు మా ఆవిడ చేనికి వెళ్ళింది. అలవాటుందా అని అడిగితే లేదన్నాను. ఆవిడ ఇంకో దోసెడు కాయలు ముందుకు లాక్కున్నారు. రాశి సగమయ్యేసరికి మొత్తం చెప్పేశాను. కళ్ళు కారిపోతుంటే ఘాటండీ అన్నాను.

“ఘాటే నాయనా, ఘాటే” అన్నారు, తలెత్తకుండా.

మర్నాడు గుంటూరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడి బెంచీ మీద పంచెకట్టు ముసలివాళ్ళూ, నా ఈడువాళ్ళూ, మీసం రాని కుర్రాళ్ళూ వరసగా కూర్చున్నారు. నేనొక్కణ్ణే కాదని ఎంత తేలికపడ్డానో. మళ్ళీ దాని జోలికి పోలేదు. ఆవిడ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు మాత్రం నన్నే చెప్పమన్నారు. రేపు, ఎల్లుండి అంటూ మూడేళ్ళు గడిపేశాను.

చావు కబురు విన్నప్పుడు నా గుట్టు తెలిసిన మనిషి ఇక లేదన్న ఊరట కూడా ఓ క్షణం కలిగింది. అబద్ధం ఎందుకు, కలిగింది. ఆ వెంటనే సిగ్గేసింది.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాం. వాకిట్లో ఆవిడ సగంలో వదిలేసిన కాయలు అలాగే ఉన్నాయి. మా ఆవిడా నేనూ ఎదురెదురుగా కూర్చుని ముచ్చికలు తీయడం మొదలుపెట్టాం. కాసేపటికి నా కళ్ళు కారాయి.

“ఘాటా?” అని అడిగింది మా ఆవిడ.

కాదన్నాను. ఆమె ఇంకో దోసెడు కాయలు ముందుకు లాక్కుంది.