శుక్రవారం అప్‌గ్రేడ్

మా ఆఫీసులో శుక్రవారం మధ్యాహ్నం దాటాక నడుస్తున్న సిస్టమ్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. ఆ నియమం పెట్టినవాణ్ణి నేనే. కొత్తగా చేరిన పిల్లలకు దాన్ని వేదంలా వల్లె వేయిస్తాను. ఏదైనా పాడైతే శని, ఆదివారాలు ఎవరు ఏడుస్తారని ఉపమానాలతో సహా చెబుతాను. అంతటివాణ్ణి ఒక శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి, టీ తాగి, చేతులు ఊరుకోక మా ఆవిడ లాప్‌టాప్‌ను అప్‌గ్రేడ్ చేశాను.

దేశం దాటి వచ్చి మేముంటున్న రోటోటూనా పేటలో, మా ఇంటి గరాజులో కారు ఉండదు. మా ఆవిడ ఎంబ్రాయిడరీ మిషను ఉంటుంది, కారు బయట వానలో తడుస్తుంది. మిషను పక్కనే ఒక పాత లాప్‌టాప్. అందులో ఆవిడ డిజైన్ గీస్తే మిషను దాన్ని జాకెట్టు మీద కుడుతుంది. దసరాకి ఆయుధపూజ చేసి ఆవిడ ఆ రెండింటికీ కుంకుమబొట్లు పెట్టింది. నేను నా ఆఫీసు లాప్‌టాప్ కూడా తెచ్చి పక్కన పెట్టి, "దీనికి కాస్త పెద్ద బొట్టు పెట్టు, ఇల్లు నడిపేది ఇదేగా" అన్నాను. ఆవిడ పెద్ద బొట్టే పెట్టింది.

ఆ శుక్రవారం ఆవిడ దారాలు కొనడానికి వెళ్ళింది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చిందని ఆ పాత లాప్‌టాప్ ఎన్నాళ్ళుగానో తెర మూల నుంచి బతిమాలుతోంది. ఆవిడేమో చూసినప్పుడల్లా 'తర్వాత' అని నొక్కేస్తుంది. ఐటీ మేనేజరు ఇంట్లో ఇదేం ఖర్మ అనిపించి నేను 'ఇప్పుడే' అని నొక్కాను. సాఫీగా అయిపోయింది. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? పాత సిస్టమ్ తాలూకు ఫైళ్ళు చోటు తినేస్తున్నాయని అవీ తీసేశాను. ఊపు మీద మూత కూడా తుడిచాను. దుమ్ముతోపాటు బొట్టూ పోయింది.

ఆవిడ వచ్చి డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరవబోతే అది తెరుచుకోలేదు. దానికి యూఎస్‌బీలో గుచ్చే ఒక చిన్న తాళం ముక్క ఉంటుంది. ఆ తాళం గుచ్చే ఉన్నా కొత్త సిస్టమ్ దాన్ని గుర్తుపట్టడం లేదు.

ఆవిడ ముఖం పాలిపోయింది. ఆదివారం పొద్దున ఒక అమ్మాయికి ఓణీల ఫంక్షన్. జాకెట్టు శనివారం సాయంత్రానికి ఇవ్వాలి. ఇక్కడే పుట్టిన ఆ పిల్ల నెమళ్ళూ మామిడిపిందెలూ వద్దని, క్రిస్మస్ రోజుల్లో ఎర్రగా పూసే పొహుటుకావా పూలు కావాలంది. ఆవిడ వారమంతా కూర్చుని ఆ పువ్వు గీసింది. స్నేహితులు కాకుండా బయటివాళ్ళు నమ్మి ఇచ్చిన మొదటి పని అది, పైగా ఊళ్ళో తెలుగువాళ్ళంతా చూస్తారు. ఒక చెయ్యి పూర్తయింది. రెండో చెయ్యి బోడిగా ఉంది.

నేను రంగంలోకి దిగాను. ఆఫ్ చేసి ఆన్ చేశాను. తాళం తీసి గుచ్చాను, ఊది గుచ్చాను. అలవాటుకొద్దీ, "కంగారుపడకు, నా ఎండ్ నుంచి చెక్ చేస్తాను" అన్నాను.

"మీ ఎండ్ ఏదండీ? అంతా ఈ గరాజులోనేగా ఉంది" అంది.

"పోనీ, పాత సిస్టమ్‌కి వెనక్కి వెళ్ళిపోండి" అంది మళ్ళీ తనే.

అప్పుడు చెప్పాల్సి వచ్చింది, వెనక్కి వెళ్ళే దారి శుభ్రం చేసేశానని.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? అది బాగానే పనిచేస్తోందిగా" అంది. "మీ ఆఫీసులో శుక్రవారం ఎవరినీ చెయ్యి పెట్టనివ్వరటగా?" అని అడిగింది.

"అది వేరు. అది ప్రొడక్షన్. పదిమందికి పని జరిగే చోటు."

ఆవిడ ఒంటిచేతి పూల జాకెట్టు ఎత్తి చూపించింది. "మరి ఇదేమిటండీ?"

ఇన్నేళ్ళూ నేను దాన్ని 'ఇంట్లో పాత లాప్‌టాప్' అనే అంటూ వచ్చాను. సిగ్గేసింది.

శనివారం పొద్దున్నే తయారీవాళ్ళ సూచనలు తెరిచాను. ఆఫీసులో ఎవరైనా అవి చదవకుండా నా దగ్గరికొస్తే ఉతికి ఆరేస్తాను. మొదటి పేజీలోనే ఉంది: సిస్టమ్ మార్చాక తాళం బయటికి తీసి, పాత డ్రైవర్ తొలగించి, కొత్తది ఎక్కించి, అప్పుడు గుచ్చాలి. నేను రాత్రంతా గుచ్చే ఉంచి కుస్తీ పట్టాను. చెప్పినట్టు చేస్తే తెరుచుకుంది. మధ్యాహ్నానికి మిషను టకటకమంటూ రెండో చేతి మీద పూలు కుడుతుంటే మా ఆవిడ దాని మీద చెయ్యి వేసి నిలబడింది. నన్ను టీ పెట్టుకు రమ్మంది.

ఆదివారం ఫంక్షన్‌లో అక్షింతలు వేస్తుంటే ఆ పిల్ల చేతులు జోడించింది. రెండు చేతుల మీదా పూలున్నాయి. ఎవరు కుట్టారని నలుగురు అడిగి, మా ఆవిడ చుట్టూ చేరారు. నేను మా ఇద్దరి వానకోట్లు పట్టుకుని నిలబడ్డాను.

సోమవారం ఆ లాప్‌టాప్ తెరవబోతే పాస్‌వర్డ్ మారింది.

"ప్రొడక్షన్‌కి అందరికీ యాక్సెస్ ఇవ్వకూడదని మీరేగా అంటారు" అంది ఆవిడ వంటింట్లోంచి.

ఇక నాకు మిగిలింది మూత ఒక్కటే. దేవుడి దగ్గర కుంకుమ తెచ్చి, తుడిచినవాణ్ణి నేనే కాబట్టి బొట్టు నేనే పెట్టాను. దసరాకి నాదానికి పెట్టించుకున్నంత పెద్దది పెట్టాను. ఆవిడ వచ్చి చూసి, "వంకరగా పెట్టారు" అంది. తుడవలేదు మాత్రం.